గొడవ వస్తే మా వారిది మూగనోమే

"మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. పాపకి ఏడేళ్లు. మా వారికి తాగుడు లేదు, నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. కానీ డబ్బు సంగతి గానీ, వాళ్ల అక్కయ్యగారింటి సంగతి గానీ ఎత్తితే చాలు, మూగనోము పడతారు. ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. నేను అరిచినా ఏడ్చినా మొహంలో చలనం ఉండదు. మూడు నాలుగు రోజులు మాటలుండవు. 'నాన్నని అన్నానికి రమ్మను' అని పాపతో కబురు పంపుతాను. 'మగాడు నోరెత్తకుండా ఉంటే అదృష్టమే కదా' అంటారు మా అత్తగారు. ఈ మధ్య ఆయనకి మెడ పట్టేస్తోంది. స్కాన్ తీయిస్తే ఏమీ లేదన్నారు. ఆయనకి నా మీద ప్రేమ లేదనుకోవాలా?"
– ఒక సోదరి, ఖమ్మం

అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, నేను అలా అనుకోను. మొహంలో చలనం లేనంత మాత్రాన లోపల ఏమీ లేనట్టు కాదు. మీకు ధైర్యం చెప్పాలని ఈ మాట అనడం లేదు. దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు.

అమెరికాలోని బర్క్‌లీలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో క్లినికల్ సైకాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన రాబర్ట్ లెవెన్‌సన్ దశాబ్దాల పాటు భావోద్వేగాలనూ దాంపత్యాన్నీ పరిశోధించారు. 1980ల మొదట్లో దాంపత్యం మీదే పనిచేసే మరో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్‌తో కలిసి ఆయన దంపతుల్ని ప్రయోగశాలకి పిలిపించి, ఇద్దరి మధ్య తెగని విషయం ఒకటి తీసుకుని పదిహేను నిమిషాలు మాట్లాడుకోమనేవారు. ఆ మాటలు సాగుతున్నంతసేపూ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, వేళ్లకి చెమట ఎంత పడుతోంది అన్నది పరికరాలు నమోదు చేసేవి. ఇలాంటి పరిశీలనల నుంచి గాట్‌మన్ చెప్పిన సంగతి ఒకటుంది. గొడవలో రాయిలా అయిపోయేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే, పైకి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నా లోపల గుండె పరుగులు పెడుతూ ఉంటుంది. నిమిషానికి వంద దాటిందంటే ఎదుటివాళ్ల మాట చెవికెక్కడమే కష్టమంటారాయన. మీరు ఎంత గట్టిగా అడిగితే ఆయన అంత బిగుసుకుపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

మరి మీ అత్తగారన్నట్టు నోరెత్తకపోవడం మంచిదేనా? నేను కూడా కౌన్సెలింగ్ మొదలుపెట్టిన రోజుల్లో "అరవడం కన్నా నయమే కదమ్మా, ఆయన్నలా వదిలేయండి" అని చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. లెవెన్‌సన్, ఆయన శిష్యుడు జేమ్స్ గ్రాస్ కలిసి 1993లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థులకు శస్త్రచికిత్స దృశ్యాలు చూపించారు. మొహంలో ఏమీ కనబడనీయవద్దని కొందరికి చెప్పారు. వాళ్లు మొహం దాచగలిగారు గానీ లోపలి బాధ తగ్గలేదు, పైగా ఒంట్లో ఒత్తిడి లక్షణాలు పెరిగాయి. 2003లో గ్రాస్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఒకరు భావాలు అణచుకుని మాట్లాడుతుంటే, ఆ సంగతే తెలియని ఎదుటి మనిషికి రక్తపోటు పెరిగింది. అంటే ఆ మౌనం మిమ్మల్ని అంతగా కుదిపేయడంలో మీ తప్పేమీ లేదు. మీరు అతిగా స్పందించడం లేదు.

మెడ నొప్పి గురించి రాశారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. 1989 నుంచి 156 జంటల్ని లెవెన్‌సన్ బృందం ఇరవై ఏళ్లు గమనించింది. గొడవల్లో కోపంతో ఊగిపోయే భర్తలకు పోనుపోను గుండెకి, రక్తపోటుకి సంబంధించిన ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. మూగబోయేవాళ్లలో నడుము నొప్పులు, మెడ పట్టేయడం, కండరాల బిగుతు ఎక్కువగా ఉన్నాయి. 2016లో ఇది ప్రచురించారు. అయితే వాళ్లంతా శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉండే నడివయసు, పెద్దవయసు జంటలు. మీ వారి మెడకి కారణం ఇదేనని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. డాక్టరు చెప్పిన వైద్యం మానొద్దు. "చూశారా, మాట్లాడకపోతే మెడ పట్టేస్తుందట" అని ఆయన్ని పొడవొద్దు కూడా.

ఇక మీరేం చేయాలి? గాట్‌మన్ ఒకసారి గొడవ పడుతున్న జంటల్ని మధ్యలో ఆపి, పరికరాలు సరిచేయాలి, కాసేపు పత్రికలు చదువుకోండి అన్నారట. అరగంట తర్వాత మళ్లీ మొదలుపెడితే గుండె వేగం తగ్గింది, మాటల్లో మెత్తదనం వచ్చింది. మీకు కావలసింది ఆ అరగంటే. మూడు రోజులు కాదు. గొడవ లేని రోజు చూసి, పాప పడుకున్నాక ఇలా అడగండి: "మీకు మాట్లాడలేననిపిస్తే ఆపేయండి, నేను వెంటపడను. కానీ మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో చెప్పి వెళ్లండి." ఆ టైముకి వచ్చి మాట మొదలుపెట్టే బాధ్యత ఆయనదే. ఆ మధ్యలో మీరు గదిలోంచి గదిలోకి వెళ్లి అడగకుండా ఉండాలి. ఇది చాలా కష్టం, నాకు తెలుసు. "మీకెప్పుడూ మీవాళ్లే" అని మొదలుపెట్టే బదులు "అక్కయ్యగారికిచ్చిన డబ్బు తలచుకుంటే పాప ఫీజు గురించి నాకు టెన్షన్‌గా ఉంటోంది" అనండి. మొదటిది నింద. రెండోది మీ భయం. దానికి ఆయన జవాబు చెప్పగలరు.

ఇంకో రకం మౌనం కూడా ఉంది. మీరు కాళ్లబేరానికి వచ్చేదాకా మాట మానేయడం, ఇంటి ఖర్చు ఆపేయడం, పుట్టింటికి ఫోన్ చేయనీయకపోవడం లాంటివి జరుగుతుంటే, అది తట్టుకోలేకపోవడం కాదు, మిమ్మల్ని లొంగదీయడం. అప్పుడు పైన చెప్పిన అరగంట సలహా పనికిరాదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. మీ మనసు మరీ బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు.

పాపతో కబుర్లు పంపడం మాత్రం ఈ రోజే ఆపేయండి. అమ్మానాన్నల మధ్య మాట మోసే పిల్లలకి ఆ మాట వెనకున్న బరువు కూడా తెలుస్తుంది. ఈ రాత్రి వడ్డించాక మీరే గుమ్మం దగ్గరికెళ్లి "అన్నానికి రండి" అనండి. ఆయన బదులు పలకకపోయినా సరే.