హ్యాండిల్ బిగుసుకుపోయిన సైకిల్ ఎందుకు పడిపోతుంది?

తిరిగే చక్రాల గైరోస్కోప్ ప్రభావమే (వేగంగా తిరిగే వస్తువు తన ఇరుసు దిశను సులువుగా మారనివ్వని గుణం) సైకిల్‌ను నిలబెడుతుందని చదివాననీ, అలాగైతే హ్యాండిల్ బిగుసుకుపోయిన మీ పాత సైకిల్ ఎంత వేగంగా తొక్కినా ఎందుకు ఒరిగిపోతోందనీ అడిగారు. మీ అనుమానం సరైనదే. ఆ ప్రభావం ఒక్కటే బండిని నిలబెట్టదు.

సైకిల్ ఎడమకు ఒరగగానే మనం తెలియకుండానే హ్యాండిల్‌ను ఎడమకే తిప్పుతాము. దానితో చక్రాలు నేలను తాకే చోట్లు అటువైపుకు జరిగి, మళ్ళీ మన బరువు కిందికి వచ్చి చేరుతాయి. అరచేతిలో కర్రను నిలబెట్టే పిల్లవాడు అది ఒరిగిన వైపుకే చేతిని జరపడం మీరు చూసే ఉంటారు. హ్యాండిల్ కదలకపోతే ఈ సవరణకు వీలే ఉండదు.

డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ముందు చక్రం పక్కన, నేలను తాకకుండా ఎదురు దిశలో తిరిగే మరో చక్రాన్ని అమర్చి, గైరోస్కోప్ ప్రభావం రద్దయినా ఆ సైకిల్‌ను తొక్కవచ్చని 1970లో చూపించాడు. అయితే మనిషి లేకుండా తోసి వదిలితే అది త్వరగానే పడిపోయింది కనుక, ఆ ప్రభావాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము. 2011లో డెల్ఫ్ట్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు మాత్రం ఆ ప్రభావమూ, ముందు చక్రం నేలను తాకే చోటు హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతకు కాస్త వెనుక ఉండడం వల్ల కలిగే సాయమూ రెండూ తీసేసి, కేవలం బరువుల అమరికతోనే తనంతట తాను నిలబడి సాగే చిన్న బండిని తయారుచేశారు.

మంచి సైకిల్ ఒకదానిని సీటు పట్టుకుని నిలబెట్టి పక్కకు వంచండి, హ్యాండిల్ దానంతటదే అటు తిరుగుతుంది. మీ బండికి ముందుగా హ్యాండిల్ కప్పుల్లోని బాల్స్ శుభ్రం చేయించి, గ్రీజు పెట్టించండి.