మనవల దగ్గర్నుంచి తిరిగొచ్చాక: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే సంగతి. అమెరికాలో పిల్లల దగ్గర నాలుగైదు నెలలుండి ఊరికి తిరిగొచ్చినవాళ్లు, రాబోతున్నవాళ్లు రాశారు. వెళ్లేటప్పుడు అప్పడాల దగ్గర్నుంచి అన్నీ రాసుకుని సర్దుకుంటారు గానీ తిరుగు ప్రయాణానికి ఎవరూ ఏమీ రాసుకోరు. అందుకే జవాబులు కాస్త విడమర్చి ఇస్తున్నాం.

ప్రశ్న: మేమిద్దరం డల్లాస్‌లో పెద్దమ్మాయి దగ్గర ఐదు నెలలుండి వచ్చే వారం బయల్దేరుతున్నామండి. మాది రాజోలు దగ్గర పల్లె, డాబా ఇల్లు, పెరట్లో బోరు, నాలుగు కొబ్బరి చెట్లు. తాళం వేసి వచ్చేశాం. ఇల్లు తెరిచాక ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ముందుగా, పొద్దుండగానే ఇల్లు చేరేలా చూసుకోండి. శంషాబాద్‌లో దిగి అటునుంచటే కారెక్కి రాత్రంతా ప్రయాణం చేసి రావద్దు. మీరే కాదు, డ్రైవరూ నిద్రమొహంతో ఉంటాడు. హైదరాబాద్‌లో ఒక పూట ఆగి, నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున పాలకొల్లులో దిగొచ్చు. అక్కడి నుంచి చించినాడ వంతెన మీదుగా ఆటోలోనైనా ఇల్లు చేరిపోతారు. రాజమండ్రికి విమానంలో వచ్చేటట్టయితే ఆ టికెట్ అమెరికా టికెట్‌తో కలిపే తీసుకోండి. విడిగా కొంటే లోపలి విమానాల్లో మామూలుగా ఇచ్చేది మనిషికి 15 కిలోలే. చేతిలో ఉన్న 23 కిలోల పెట్టెలకి కౌంటర్ దగ్గర డబ్బు కట్టాల్సి వస్తుంది.

తలుపు తీయగానే చెయ్యి స్విచ్ మీదికి పోనివ్వకండి. ముందు వంటింటి తలుపు, పెరటి తలుపు బార్లా తెరవండి. గ్యాస్ గాలికంటే బరువు, నేలబారుగా పేరుకుంటుంది. కిటికీ ఒక్కటీ తెరిస్తే పోదు, తలుపే తెరవాలి. వాసన తగిలితే ఏ స్విచ్చూ వెయ్యొద్దు, వేసున్నది ఆపొద్దు. బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. వాసన లేకపోయినా రబ్బరు గొట్టాన్ని చివరిదాకా చూడండి, ఎలకలు కొరికేది ముందు దాన్నే. గొట్టం మీద అచ్చేసిన తేదీకి ఐదేళ్లు దాటితే ఎలాగూ మార్చాల్సిందే.

కరెంటు ఇలా ఇవ్వండి. బోర్డులో చిన్న బ్రేకర్లన్నీ కిందికి దించి, మెయిన్ ఒక్కటే పైకెత్తండి. తర్వాత ఒక్కొక్క బ్రేకర్‌నీ నిమిషం ఆగి ఆగి ఎత్తండి. ఏది ఎత్తితే మెయిన్ పడిపోతుందో ఆ లైన్లో తేమో, ఎలక కొట్టిన తీగో ఉన్నట్టు. దాన్ని దించేసి ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వదిలెయ్యండి, మళ్లీ మళ్లీ ఎత్తి చూడకండి. షాక్ కొట్టకుండా ఆపే బ్రేకర్ మీద ‘టెస్ట్’ అని చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే టక్కున పడాలి. పడకపోతే అది పనిచెయ్యడం లేదన్నమాట.

ఇక మోటారు. మీ వైపు ఉప్పుగాలికి నెలల తరబడి తిరగని మోటారు తుప్పుతో బిగుసుకుపోతుంది. స్విచ్ వేసినప్పుడు గుర్రుమని తిరగకపోతే ఐదు సెకన్లలోపు ఆపెయ్యాలి, లేకపోతే వైండింగ్ మాడిపోతుంది. పైన ఉండే మోనోబ్లాక్ అయితే మెయిన్ ఆపేసి, వెనక ఫ్యాను వైపు షాఫ్టుని స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ కదిపి వదులు చెయ్యొచ్చు. ఆ తర్వాత నీళ్లు పోసి నింపాకే స్విచ్ వెయ్యాలి. బోరులో మునిగి ఉండే రకమైతే మెకానిక్‌ని పిలవడం తప్ప దారి లేదు. మొదట ఎర్రగా వచ్చే నీటిని పది పదిహేను నిమిషాలు చెట్లకి వదిలెయ్యండి.

పైన ట్యాంకులో పాతనీళ్లతో స్నానం కూడా చెయ్యకండి. మొత్తం వదిలేసి, అడుగు బురద గీకి, మళ్లీ నింపాక వెయ్యి లీటర్లకి 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలపండి. ఈ లెక్క 33 శాతం క్లోరిన్ ఉన్న కొత్త ప్యాకెట్‌కి. గాలి తగిలిన పాత పౌడర్‌లో సత్తువ ఉండదు. పౌడర్‌ని నేరుగా ట్యాంకులో చల్లొద్దు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకి దిగాక పై తేట మాత్రం పోయాలి. ప్రతి కుళాయీ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి రాత్రంతా ఉంచండి. పొద్దున ఆ నీళ్లు కాలువలోకి వదలండి, చెట్ల మొదట్లోకి కాదు. ఈలోపల నీటి ఫిల్టర్‌కి వెళ్లే కుళాయి మూసి ఉంచాలి, క్లోరిన్ తగిలితే దాని పొర పాడవుతుంది. ఇన్నాళ్లు ఆడని ఫిల్టర్‌కి ఎలాగూ లోపలి గొట్టాలు మార్పించాలి. అది అయ్యేదాకా క్యాన్ నీళ్లే తాగండి.

బాత్‌రూమ్‌లో మురుగు కంపు వస్తోందంటే ఏదో పగిలిందని కంగారు పడకండి. గొట్టం వంపులో నిలిచే నీళ్లు ఎండిపోయి ఉంటాయి. జాలీలో, బేసిన్‌లో తలో బకెట్ నీళ్లు పోస్తే చాలు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాం. బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట యాసిడ్ కానీ, టాయిలెట్ కడిగే ద్రావకం కానీ పోయకండి. రెండూ కలిస్తే ఊపిరాడనివ్వని విషవాయువు వస్తుంది. ఇల్లు కడిగే ఉత్సాహంలో జరిగే ప్రమాదం ఇదే.

ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ బాగా తగ్గి ఉంటే ప్లేట్లు మునిగేంతవరకే పోసి, ఛార్జింగ్ పెట్టి, నిండుగా ఎక్కాక గుర్తుదాకా నింపాలి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి ఆసిడ్ కారుతుంది. బియ్యానికి పురుగు పడితే చెరిగి నీడలో ఆరబొయ్యండి, ఎండలో పోస్తే నూకలైపోతాయి. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలి ఉంటే దిగుల్లేదు. బూజు పడితే పైన తీసేసి తినొచ్చనుకోకండి, పారెయ్యండి.

చివరిగా పాములు. కొబ్బరి డొక్కల పోగు, కట్టెల గూడు, వాడని మంచం కింద, బట్టల మూట. వీటిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిపి చూడండి. మనవైపు భయపడాల్సిన కట్లపాము తిరిగేది రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకే వస్తుంది. కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. కాబట్టి మంచం మీదే పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. అమెరికా నుంచి వచ్చినవాళ్లకి రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. ఏం తోచక పెరట్లోకి నడుస్తారు. టార్చి, చెప్పులు లేకుండా గడప దాటకండి.

ప్రశ్న: తిరిగొచ్చి నాలుగు రోజులైంది. పగలంతా మత్తు, రాత్రంతా జాగారం. మా వారికి బీపీ, షుగరు. నాకు థైరాయిడ్. మాత్రలు అక్కడి టైము ప్రకారమా, ఇక్కడి టైము ప్రకారమా? కాళ్లు కూడా వాచాయి. (తణుకు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రాత్రి పగలు తారుమారైనప్పుడు శరీరం రోజుకి గంటా, గంటన్నర మించి జరగదు. వారం పది రోజులు పడుతుందని ముందే ఒప్పుకోండి. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఎండ మొహాన పడేలా వీధి అరుగు మీద కూర్చోండి. మందులకంటే ఇది బాగా పనిచేస్తుంది. మధ్యాహ్నం మూడులోపు అరగంట కునుకు చాలు. రాత్రి మెలకువొస్తే అరటిపండు తినండి గానీ అన్నం కలుపుకోవద్దు. కడుపుకి అదే భోజనం వేళని అలవాటైపోతుంది. పక్కింటివాళ్లిచ్చిన నిద్రమాత్ర వేసుకుని రాత్రి బాత్‌రూమ్‌కి లేచి పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

మాత్రల సంగతి. రోజుకొకటి వేసుకునే బీపీ మాత్ర డల్లాస్‌లో పొద్దున ఎనిమిదికి వేసుకుంటే, అక్కడి వేసవి గంటల ప్రకారం మనకది సాయంత్రం ఆరున్నర. ఇక్కడికొచ్చాక మొదటిరోజు ఆరున్నరకే వేసుకుని, తర్వాత రోజూ మూడు గంటలు ముందుకి జరపండి. మూడున్నర, పన్నెండున్నర, తొమ్మిదిన్నర, తర్వాత ఏడు. ఒకేసారి పొద్దుటికి మార్చేస్తే పన్నెండు గంటల్లో రెండు మాత్రలు పడి కళ్లు తిరుగుతాయి. థైరాయిడ్ మాత్ర ప్రభావం ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది కాబట్టి మీరు మర్నాటి పరగడుపు నుంచే మొదలెట్టెయ్యొచ్చు. షుగరు మాత్రలతోనే జాగ్రత్త. గ్లిమిపిరైడ్ రకం అయితే భోజనంతోనే వెయ్యాలి, భోజనం మానిన పూట మాత్రా మానాలి. ఆకలి లేని వేళ అలవాటుగా వేసుకుని పడుకుంటే నిద్రలోనే షుగరు పడిపోతుంది. ఇన్సులిన్, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు మాత్రం మా మాట కాదు, తమ డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి.

రెండు పాదాలూ సమంగా వాస్తే అది కూర్చున్న వాపు, రెండు మూడు రోజుల్లో తీస్తుంది. ఒక్క కాలి పిక్కే వాచి, నొప్పి పుట్టి, వేడిగా ఎర్రగా ఉంటే నరంలో రక్తం గడ్డకట్టిందేమో అని ఆ రోజే చూపించుకోవాలి. ఆయాసం, గుండెలో పోటు తోడైతే గంట కూడా ఆగొద్దు. ప్రయాణం అయిన కొన్ని వారాల దాకా ఈ ముప్పు ఉంటుంది. ‘ఎప్పుడో దిగాంగా’ అనుకోకండి. ఈలోగా నూనె రాసి పిక్క పిసికించుకోవడం అసలే వద్దు.

ప్రశ్న: నా మనవడికి మూడేళ్లు, న్యూజెర్సీలో ఉంటారు. ఆర్నెల్లు నా ఒళ్లోనే పెరిగాడు. ఇప్పుడు వీడియోలో కనిపిస్తే ‘హాయ్ నానమ్మా’ అని పారిపోతున్నాడు. మర్చిపోతాడా? (భీమవరం)

జవాబు: పారిపోవడం మర్చిపోవడం కాదమ్మా. మూడేళ్లవాడికి ఫోనులో మొహంతో కబుర్లాడటం రాదు, కలిసి ఏదైనా చెయ్యడం వచ్చు. ‘నేనెవరు? అన్నం తిన్నావా? నేనంటే ఇష్టమేనా?’ అని పరీక్ష పెడితే వాడు లేచిపోతాడు. ఒకే బొమ్మల పుస్తకం రెండు కాపీలు కొని ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ ఉంచండి. మీరు చదువుతుంటే వాడు పేజీ తిప్పుతాడు. ఫోను చేత్తో పట్టుకోకుండా స్టాండుకి పెట్టి, మీ చేతులు కనబడేలా కూర్చోండి. బెండకాయలు తరుగుతూ, పూలు గుచ్చుతూ ఉన్నా చాలు, వాడు చూస్తూ నిలబడిపోతాడు. పది నిమిషాలు దాటించొద్దు. వాడు విసుక్కోకముందే మీరే ‘టాటా’ చెప్పెయ్యండి.

వేళ కూడా ముఖ్యం. మన పొద్దున ఏడంటే న్యూజెర్సీలో వేసవిలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర, పిల్లాడు నిద్రకి మారాం చేసే సమయం. మన శనివారం సాయంత్రం ఆరున్నరకి చెయ్యండి. అక్కడ శనివారం పొద్దున తొమ్మిది, ఇడ్లీ తిని హుషారుగా ఉంటాడు. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకి. కాబట్టి చలికాలంలో మీరు ఏడున్నరకి చెయ్యాలి. అదే కాలిఫోర్నియాలో ఉన్న పిల్లలకైతే మన పొద్దున ఏడు బాగా కుదురుతుంది, అక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర.

పసిపిల్లలకి ఫోను చూపించకూడదంటారు గదా అని ఇంకొందరు అడిగారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన సూచనల్లో ఏడాదిన్నర లోపు పిల్లలకి తెరలు వద్దంటూనే వీడియోలో మాట్లాడటాన్ని మినహాయించింది. మీ కోడలికి ఆ మాట చెప్పొచ్చు, వాదించకుండా.

ప్రశ్న: మా అమ్మగారు తమ్ముడి దగ్గర్నుంచి వచ్చి నెల దాటింది. ఆ పిల్లల బట్టలు ముందేసుకుని కూర్చుంటోంది. సరిగ్గా తినదు. ఇల్లమ్మేసి అక్కడికే పోతానంటోంది. (మండపేట నుంచి ఒక కూతురు)

జవాబు: మొదటి రెండు వారాలు ఇల్లు బోసిపోవడం, ఏడుపు రావడం మామూలే. నిద్ర చెడటం కూడా దానికి తోడవుతుంది. నెల దాటినా తిండి, నిద్ర, పలకరింపు మూడూ తగ్గాయంటే అది బెంగ ఒక్కటే కాకపోవచ్చు. మీ డాక్టరు చేత బరువు, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించండి, మనసు సంగతీ అడగమనండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

అక్కడ ఆవిడకి పొద్దున్నే టిఫిన్ డబ్బాలు, సాయంత్రం బస్సు దగ్గరికెళ్లి పిల్లల్ని తీసుకురావడం, రోజంతా పని ఉండేది. ఇక్కడ ఆ రెండు వేళలే మోయలేనంత ఖాళీ. ‘కాలక్షేపం చేసుకో అమ్మా’ అంటే కుదరదు. ఆ రెండు వేళలకీ సరిగ్గా రెండు పనులు పెట్టండి. పొద్దున గుడికో, పూలు కొయ్యడానికో మనిషి తోడుండాలి. సాయంత్రం నాలుగింటికి ఆవిడ కోసం ఎదురుచూసే పిల్లో, పెద్దో ఒకరు కావాలి. ఎదురింటి పిల్లకి ఎక్కాలు చెప్పించినా సరే. ఇల్లమ్మే మాట మూడు నెలలు వాయిదా వెయ్యండి, కాదనకండి, ఔననకండి. సందర్శకుల వీసా మీద వెళ్లి అక్కడే ఉండిపోవడం కుదరదన్న సంగతి మాత్రం ఇప్పుడే నెమ్మదిగా చెప్పాలి.

ప్రశ్న: వీసా ఇంకా ఏడేళ్లుంది. మళ్లీ ఎన్ని నెలలకి వెళ్లొచ్చు? (కాకినాడ)

జవాబు: ఇన్ని రోజుల ఎడం ఉండాలని రాసి ఉన్న నియమం లేదు. దిగినచోట అధికారిదే నిర్ణయం. ఆర్నెల్లుండి వచ్చి రెండు నెలలకే మళ్లీ దిగితే ‘ఇక్కడే కాపురముంటున్నారా’ అని అడిగే హక్కు ఆయనకుంది. అక్కడున్నంత కాలమైనా ఇక్కడ గడిపి వెళ్లడం మేలు. ఇంకో సంగతి, ఎంతకాలం ఉండొచ్చన్నది వీసా తేదీ చెప్పదు, దిగినప్పుడు నమోదు చేసే ఐ-94లోని తేదీ చెబుతుంది. తిరిగొచ్చినట్టు కూడా అందులో నమోదవుతుంది, ఇంటర్నెట్‌లో ఒకసారి చూసుకుని అచ్చు తీసి పెట్టుకోండి. నమోదు కాకపోతే పనికొచ్చేది బోర్డింగ్ పాసే. దాన్ని చించి పారెయ్యకండి.

ప్రశ్న: తిరిగొచ్చేసరికి ఫోన్ నంబరు పోయింది. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ఏం చెయ్యాలి? (అమలాపురం)

జవాబు: ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే కంపెనీ తీసెయ్యొచ్చు. ఖాతాలో 20 రూపాయలుంటే దాన్ని తీసుకుని మరో 30 రోజులు ఉంచాలన్నది ఫోన్ కంపెనీలని నియంత్రించే ట్రాయ్ సంస్థ నియమం. తీసేసినా 15 రోజులు గడువుంటుంది. కాబట్టి ముందు కంపెనీ దుకాణానికి ఆధార్ పట్టుకుని వెళ్లండి, అదే నంబరు దొరకొచ్చు. దొరక్కపోతే ఆ రోజే బ్యాంకుకి పోయి కొత్త నంబరు రాయించండి. పాత నంబరు ఇంకొకరి చేతికి వెళితే మీ ఓటీపీలు వాళ్లకే పోతాయి. ఆ తర్వాత ఆధార్, గ్యాస్, పెన్షన్. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లయితే నవంబరులో జీవన ప్రమాణ్ (బతికే ఉన్నామని చూపే పత్రం) ఇవ్వాలి. పీఎఫ్ పెన్షన్‌కి పోయినసారి ఇచ్చిన తేదీ నుంచి ఏడాది. రాష్ట్ర పెన్షన్ గడువు మీ సబ్ ట్రెజరీలో అడగండి. ఈసారి వెళ్లేటప్పుడు మాత్రం సిమ్ తీసి డబ్బాలో పెట్టకండి, రోమింగ్ పెట్టించుకుని అక్కడి ఫోనులో రెండో సిమ్‌గా వేసుకోండి.