అసైన్‌మెంటు ప్రశ్న మార్చి చూడండి

మేడమ్, పాడేరు, అరకు వైపు నుంచి విశాఖ వచ్చి, ఇంట్లో మొదటిసారిగా డిగ్రీ చదువుతున్న పిల్లలు అసైన్‌మెంట్లు ఇవ్వడం లేదని, సందేహాలూ అడగరని రాశారు. అది బద్ధకం కాదండీ. ‘విమర్శనాత్మకంగా చర్చించండి’ అంటే ఏం రాయాలో, ఎన్ని పేజీలు రాయాలో చెప్పేవారు వాళ్ల ఇంట్లో లేరు. ప్రశ్న కిందే రాసివ్వండి: ఇది ఎందుకు, ఎలా చేయాలి, దేనికి ఎన్ని మార్కులు. పాత జవాబుపత్రం ఒకటి, పేరు తీసేసి, తరగతిలో వాళ్ల చేతే దిద్దించండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం, ప్రశ్నను ఇలా విడమరిచి చెప్పడమే. అమెరికాలో మేరీ ఆన్ వింకెల్మెస్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడు విద్యాసంస్థల అధ్యాపకులు రెండేసి అసైన్‌మెంట్లను ఇలా స్పష్టం చేస్తే, తొలితరం విద్యార్థులకు మిగతావారి కంటే మరింత మేలు కనిపించింది. ‘సందేహాలుంటే రండి’ అంటే రారు. మొదటి నెలలోనే ఒక్కొక్కరికీ పది నిమిషాలు కేటాయించి, ఎవరు ఎప్పుడు రావాలో రాసిన పట్టిక గోడకు అంటించండి.