ఆదర్శ బిల్లా, మాదిరి బిల్లా?

సందేహం: అమెరికా రాజకీయాల మీద వచ్చిన ఒక వ్యాసంలో ‘అలెక్ రూపొందించిన ఆదర్శ చట్టాలను పలు రాష్ట్రాల శాసనసభలు అమలు చేశాయి’ అని చదివాను. ఆ సంస్థలో కంపెనీలు కూడా కూర్చుని రాసుకున్నవి ఆదర్శ చట్టాలు ఎలా అవుతాయి? ఇంగ్లిష్ ‘మోడల్ బిల్’లోని ‘మోడల్’కు ఇక్కడ సరైన తెలుగు ఏది?

సమాధానం: మీ అనుమానం సబబే. ‘ఆదర్శ’లో మెప్పు ఉంది. ఆదర్శ రైతు, ఆదర్శ పాఠశాల అన్నామంటే మిగతావాళ్లూ అలా ఉండాలని తీర్పు చెప్పినట్టే. పరీక్షల ముందు పిల్లలకిచ్చేదాన్ని మాత్రం మాదిరి ప్రశ్నపత్రం అంటాం, ఆదర్శ ప్రశ్నపత్రం అనం. అసలుది ఈ తీరున ఉంటుందని చెప్పడమే అక్కడి ఉద్దేశం. అలెక్ బిల్లులు ఈ రెండో కోవకు చెందినవి.

అలెక్ అంటే 1973లో పుట్టిన అమెరికన్ లెజిస్లేటివ్ ఎక్స్చేంజ్ కౌన్సిల్. రాష్ట్రాల చట్టసభల సభ్యులు నామమాత్రపు చందాతో, కంపెనీలు వేల డాలర్ల చందాతో ఇందులో చేరతాయి. ఒక్కో రంగానికి ఒక్కో టాస్క్‌ఫోర్స్ (కార్యబృందం) ఉంటుంది. అందులో ఇరుపక్షాలూ ఓటేసి బిల్లు పాఠాన్ని ఆమోదిస్తాయి. రాష్ట్రం పేరు రావలసిన చోట ఖాళీ వదులుతారు. సభ్యులు ఆ ఖాళీ నింపి తమ సభలో ప్రవేశపెడతారు.

దీనికి అచ్చంగా సరిపోయే మాట మన పాత బడిలోనే ఉంది: ఒరవడి. ఒజ్జబంతి అన్నా అదే. పంతులు పైన ఒక వరుస రాసిస్తే పిల్లవాడు దాన్ని చూసి కింద దిద్దేవాడు. 2011లో ఫ్లోరిడా చట్టసభ సభ్యురాలు ఒకరు అలెక్ మాదిరిని చూసి, కార్పొరేట్ పన్ను తగ్గించాలని ఫెడరల్ ప్రభుత్వాన్ని కోరే తీర్మానం పెట్టారు. ‘అలెక్ ఆశయం ఇదీ’ అని చెప్పే వాక్యం కూడా అందులో అలాగే ఉండిపోయింది. పంతులు పేరునూ కలిపి దిద్దినట్టయింది. ఆమె దాన్ని వెనక్కి తీసుకుని, ఆ వాక్యం తీసేసి మళ్లీ పెట్టారు. అయితే పత్రికల్లో ‘కొత్త ఒరవడి’ అంటే ఇప్పుడు కొత్త పోకడ అనే అర్థం స్థిరపడింది కాబట్టి ‘ఒరవడి బిల్లు’ అంటే పాఠకుడు తికమకపడతాడు. ‘మాదిరి బిల్లు’ మేలు, ‘నమూనా బిల్లు’ అన్నా తప్పు లేదు. ‘మచ్చు’ మాత్రం కుదరదు. బస్తాలోంచి తీసిన గుప్పెడు బియ్యం మచ్చు, అది ఆ రాశిలో భాగమే. ఇక్కడ మాదిరి ముందు పుడుతుంది, బిల్లు తర్వాత వస్తుంది.

మీరు చదివిన వాక్యంలో ఇంకో రెండు తప్పులున్నాయి, నా దృష్టిలో అవి ఇంకా పెద్దవి. సభ ఆమోదం పొందనిది చట్టం కాదు, బిల్లే. ఈ తేడా చిన్నది కాదు. ఎక్కడో రాసిన మాదిరిని (అలెక్‌దే కాదు, ఏ బృందానిదైనా) దాదాపు మక్కికి మక్కి ఎక్కించిన బిల్లులు 8 ఏళ్లలో 10,000కు పైగా వచ్చాయని, వాటిలో 2,100కు పైగా చట్టాలయ్యాయని 2019లో యూఎస్ఏ టుడే, అరిజోనా రిపబ్లిక్ పత్రికలు, సెంటర్ ఫర్ పబ్లిక్ ఇంటెగ్రిటీ అనే వార్తా సంస్థ కలిసి చేసిన పరిశోధన తేల్చింది. అన్నిటినీ ‘చట్టాలు’ అనేస్తే వీగిపోయిన వేల బిల్లులు కూడా జనం నెత్తిన పడ్డట్టే అవుతుంది. ఇక ‘అమలు’ ప్రభుత్వ యంత్రాంగం పని. సభ తన ముందుకొచ్చిన బిల్లును చర్చిస్తుంది, ఆమోదిస్తుంది లేదా తిరస్కరిస్తుంది.

కనుక ఇలా రాయాలి: ‘అలెక్‌లో సిద్ధమైన మాదిరి బిల్లులను పలు రాష్ట్రాల సభ్యులు తమ సభల్లో ప్రవేశపెట్టగా, కొన్ని ఆమోదం పొంది చట్టాలయ్యాయి.’