30 ఏళ్ల హాస్టలును కూల్చాలా, బాగు చేయించాలా?

మేడం, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అనంతపురంలో ఏటా కొత్త బ్లాకులు లేస్తున్న విశ్వవిద్యాలయంలో మీరు పాఠాలు చెబుతున్నారు. ఈ ఏడాది భవనాల కమిటీలో మీ పేరు వేశారు. 30 ఏళ్ల నాటి అమ్మాయిల హాస్టల్లో పైకప్పు పెచ్చులూడుతోంది. కూల్చేసి కొత్తది కడదామని కొందరు, మరమ్మతు చాలని కొందరు అంటున్నారు. సివిల్ పనులు తెలియని మీరు ఎటువైపు చేయెత్తాలని అడిగారు.

నేను సివిల్ డిప్లొమా చేసి, అనంతపురం, కడప జిల్లాల్లో కాలేజీలు, యూనివర్సిటీల పనుల మీద 22 ఏళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా తిరిగాను. పరీక్షలు చేయించకుండా కూల్చడానికి మాత్రం ఒప్పుకోకండి. దానికంటే ముందు ఇంకో పనుంది. పెచ్చులూడుతున్న గదుల్లోంచి పిల్లల్ని ఈ వారమే ఖాళీ చేయించండి. ఒకచోట ఇలాగే రేపు మాపు అంటుండగా, నిద్రపోతున్న పిల్లవాడి మీద పెచ్చు పడి తలకు ఏడు కుట్లు వేయాల్సి వచ్చింది. ఆ పిల్లవాణ్ణి ఆసుపత్రికి ఎత్తుకుపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

పెచ్చులు ఊడటానికి వయసొక్కటే కారణం కాదు. కాంక్రీటులోని ఇనుప కమ్మికి నీళ్లు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, అసలు ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు పడుతుంది. ఆ ఒత్తిడికి కింది పొర పగిలి రాలుతుంది. అందుకని మీరు ముందు తేల్చుకోవాల్సింది నీళ్లు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయనేది. పై అంతస్తులోనే ఊడుతుంటే తప్పు మిద్దె మీద ఉంది. బాత్‌రూముల కిందనే ఊడుతుంటే పైపుల్లో ఉంది. అన్ని అంతస్తుల్లో, స్తంభాలకు, దూలాలకు కూడా కమ్మి వెంబడి పొడవునా పగుళ్లుంటే అది పెద్ద జబ్బు. అప్పుడు కూల్చే మాట నేనూ అంటాను.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో భవనాలు నీళ్లతో పాడవడమేమిటని మీకు అనిపించవచ్చు. కట్టేటప్పుడు నీళ్లు చాలకపోవడంతోనే అది మొదలవుతుంది. నేను పనిచేసిన ఒక హాస్టలు స్లాబు సంగతి చెబుతాను. అది ఆషాఢం. మధ్యాహ్నం రెండింటికి కాంక్రీటు పోయడం అయిపోయింది. మన ఆషాఢం గాలి మీకు తెలిసిందే కదా. గంట తిరక్కుండానే బేల్దారి మేస్త్రీ వచ్చి, "సా, పైన ఆరిపోతాంది, లోపల ఇంకా పచ్చిగానే ఉండాది" అన్నాడు. తడి గోనెసంచులు కప్పమన్నాను. సగం స్లాబుకు కూడా సంచులు చాలలేదు. సాయంత్రానికి వెంట్రుకల్లాంటి పగుళ్లు కనబడ్డాయి.

మర్నాడు గట్లు పోసి, మడులు కట్టి, నీళ్లు నిలిపాం. ట్యాంకరు నాలుగు రోజులు వచ్చింది, ఐదో రోజు రాలేదు. బిల్లు ఆగిపోయింది, డీజిలుకు డబ్బుల్లేవని కాంట్రాక్టరు మనిషి చెప్పాడు. నేను కాగితం మీద రాసి పైకి పంపాను. జవాబు రాలేదు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిదలాంటివి కలిపిన పీపీసీ లాంటి వాటికి 10 రోజులు తడి ఆరకూడదు. మనలాంటి ఎండ, పొడిగాలి ఉన్నచోట వాటిని 10, 14 రోజులకు పెంచమంటుంది. మేం నిలిపింది నాలుగు రోజులు. మూడో ఏడు అక్టోబరు వానలకు ఆ గదులు ఉరవడం మొదలుపెట్టాయి. కొత్త రంగు మీద నల్లటి మచ్చలు చూసినప్పుడల్లా, ఆ ఐదో రోజు నేనే ఎవరి కాళ్లో పట్టుకుని అయినా ట్యాంకరు తెప్పించి ఉండాల్సిందని బాధపడతాను.

ఇంకో విషయం. ఇలా తడిపి ఉంచే పనికి, అంటే క్యూరింగుకు, అంచనాలో వేరే పద్దు ఉండదు, కాంక్రీటు రేటులోనే కలిసిపోయి ఉంటుంది. డబ్బు బిగిసినప్పుడు ముందు ఆగేది ఆ నీళ్లే. కాబట్టి కొత్తది కట్టినా సరే, స్లాబు వేసేముందు నీళ్లు ఏ బోరు నుంచి వస్తాయి, ఆ నీటికి పరీక్ష చేయించారా, రోజూ ఎవరు తడుపుతారు అని కమిటీలో అడిగి, రాయించుకోండి. మన బోర్లలో చాలాచోట్ల ఉప్పునీళ్లు పడతాయి. ఇనుమున్న కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ ఉప్పు లోపలికి పోతే కమ్మికి తుప్పు మనమే పెట్టినట్టవుతుంది.

ఇక బాగు చేయించడం గురించి. కడప జిల్లాలో ఒక క్యాంపస్‌లో పాత చదువుల గదిని కూల్చాలని ఫైలు దాదాపు నడిచిపోయింది. మిద్దెక్కి చూస్తే, ఉరిసినప్పుడల్లా మునుపటి పొర తీయకుండా పైన ఇంకో పొర వేసుకుంటూ పోయారు. నాలుగు పొరలు లెక్కపెట్టాం. ఆ ఎత్తుకు నీళ్లు పోయే తూములు సగం పూడిపోయాయి. ఒక తూములో రావి మొక్క వేళ్లు దిగి ఉంది. మోయలేని బరువు, దాని మీద నిలిచిన నీళ్లు. ఆ పొరలన్నీ తవ్వి రెండు రోజులు ట్రాక్టర్లతో తోలించాం. కింద స్లాబు గట్టిగానే ఉంది. వాలు మళ్లీ సరిచేసి, పిట్టగోడ స్లాబుతో కలిసే మూలన సిమెంటును గుండ్రంగా తిప్పి పూసి, తూములు పెద్దవి పెట్టాం. నేను రిటైరయ్యేదాకా ఆ గదిలో పిల్లలు చదువుకోవడం చూశాను. మా ఊళ్లో మట్టిమిద్దె మీద మా అవ్వ ఏటా వానలకు ముందే చౌడు మన్ను పోయించేది. కాంక్రీటు మిద్దెకు ఆ అక్కర లేదనుకున్నాం గానీ, తూములు ఊడ్చే పని దానికీ ఉంది.

మీ హాస్టలుకు కాంక్రీటు పైపొర గట్టిదనం చూసే సుత్తి పరీక్ష (రీబౌండ్ హ్యామర్), స్తంభాల నుంచి కోర్లు (గుండ్రటి కాంక్రీటు ముక్కలు) తీసి బలం చూడటం, కమ్మికి తుప్పు పట్టే అవకాశం ఎంతుందో చూపే హాఫ్-సెల్ పరీక్ష చేయించమనండి. 1946 నాటి ఇంజనీరింగ్ కాలేజీ మీదే పెరిగిన జేఎన్‌టీయూ మన ఊళ్లోనే ఉంది, సివిల్ విభాగాన్ని అడగండి. కూల్చాలనే తేలితే, కొత్తది పూర్తయ్యేదాకా ఆ అమ్మాయిలు ఎక్కడుంటారు, అద్దె ఎవరు కడతారు అనేది కూడా అదే కాగితంలో రాయించాలి. చాలాచోట్ల ఈ లెక్క వేయరు.

కొత్తది కట్టేట్టయితే స్థలం దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. ఎండాకాలంలో చదునుగా కనబడే చోటు వంక (వాగు) పారే దారి కావచ్చు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునగడం మీరూ చూసే ఉంటారు. క్యాంపస్‌లోని పాత తోటమాలిని, పక్క ఊరి రైతును నీళ్లు ఎటు పారతాయో అడగండి. భూమిలో పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో చూపే పటం లేకుండా జేసీబీని దింపనివ్వకండి. ఒకసారి మేం అలా తాగునీటి లైను తెంచి మూడు హాస్టళ్లను రెండు రోజులు ఎండబెట్టాం. వాలుదారి (ర్యాంపు) ఎత్తు అడుగుకు పొడవు 12 అడుగులకు తగ్గకుండా చూడండి. పనికొచ్చే కూలీల కుటుంబాలకు నీళ్లు, మరుగుదొడ్లు టెండరులోనే రాయించండి. నేను పనిచేసిన రోజుల్లో అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం 50 మందికి మించి ఆడకూలీలుంటే వాళ్ల పిల్లలకు శిశుగృహం ఉండాల్సింది. నా సర్వీసులో ఒక్కచోటా చూడలేదు. మీ దగ్గరైనా పెట్టించండి, మేడం.

రేపు హాస్టలుకు వెళ్లేటప్పుడు పొడవాటి కర్ర ఒకటి, సుద్దముక్క ఒకటి, వార్డెనును వెంట తీసుకెళ్లండి. హెల్మెట్ పెట్టుకోండి. పైకప్పును కర్రతో తట్టి చూడండి. డొల్లగా మోగినచోట గోడ మీద గుర్తు పెట్టి, గది నంబరుతో ఫోటో తీయండి. తర్వాత మిద్దెక్కి తూములన్నీ లెక్కపెట్టండి. ఆ ఫోటోలు ఇక్కడ పెడితే, కమిటీ సమావేశానికి ముందే నేను చూసి చెబుతాను.