వెలిగారంలో వెలుగు ఎంత?

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. హైస్కూల్లో సైన్సు చెబుతాను. వేడినీటి బుగ్గల చుట్టూ, భూమిలోంచి ఆవిరి చిమ్మే చోట్లా పేరుకునే ఖనిజాల మీద పిల్లల కోసం ఒక పాఠం రాస్తున్నాను. బోరాక్స్‌కు తెలుగు మాట ‘వెలిగారం’ అని తెలిసింది. కంసాలి మంటలో వాడేది కాబట్టి వెలుగు + కారం అని పిల్లలకు చెప్పాను. సరేనా? బుగ్గల చుట్టూ గట్టిపడే పొరకు ‘ఉష్ణజల నిక్షేపం’ అని రాసుకున్నాను. ఆవిరి చిమ్మే రంధ్రాన్ని ‘ధూమరంధ్రం’ అనవచ్చా? అసలు బండరాయి కూడా కనిపించని మన డెల్టాలో ఇలాంటి వాటికి సొంత మాటలు ఉంటాయా?

సమాధానం: అమ్మా, వెలిగారంలో ఉన్నది వెలుగు కాదు, ‘వెలి’. వెలి అంటే తెలుపు. వెలి + కారము, కకారం గకారమై వెలిగారము. వెలి + తామర వెలిదామర అయినట్టే. సంధి సూత్రం మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. మొదటి పదం వెలుగే అయితే దాని చివరి ‘గు’ ఎక్కడికి పోయిందో ఎవరైనా చెప్పాలి. పక్కింటి సాక్ష్యం కూడా ఉంది. తమిళులు దీన్ని వెణ్‌కారం అంటారు, కన్నడిగులు బిళిగార అంటారు. వెణ్, బిళి రెండూ తెలుపే. కుంపటి ముందు కూర్చున్న మూడు భాషల వాళ్లూ ఒకే తీరున ‘తెల్లకారం’ అని పిలుచుకున్నారు.

ఈ ‘వెలి’ అంటే నాకు కొంచెం పక్షపాతం. దీని చుట్టాలు మన ఇంటి నిండా ఉన్నారు, మనమే పోల్చుకోం. వెండి తెల్లనిది. వెన్నెల తెల్లని నెల, అంటే తెల్లని చంద్రుడు. వెల్లుల్లి తెల్లని ఉల్లి. పండగకు గోడలకు వెల్ల వేస్తాం. రాజులకు పట్టేది వెలిగొడుగు. గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్ల మాటలు జరిగే చోట కాసేపు కూర్చుంటే వెండి కంచం, వెండి చెంబు అని పదిసార్లు వినపడుతుంది. అన్నిసార్లూ తెలుపు, తెలుపు అంటున్నట్టే లెక్క, అనేవాళ్లకు తెలియదు. వెలివేయడంలోని ‘వెలి’ వేరు, అది బయట అనే అర్థం.

అయితే మీరు పిల్లలకు చెప్పినది పూర్తిగా కొట్టేయలేను. వెలుగు అనే మాట కూడా ఇదే ‘వెళ్’ ధాతువు కొమ్మ అని ద్రావిడ భాషలను పోల్చి చూసినవాళ్లు చెబుతారు. తెల్లదనం, కాంతి మన పూర్వులకు విడివిడి సంగతులు కావు. తెల్లవారింది అంటే వెలుగు వచ్చిందనే కదా. కాబట్టి వెలిగారానికి వెలుగు అమ్మ కాదు, పినతల్లి వరస. పాఠంలో మాత్రం తెల్లకారం అనే రాయండి.

ఇక రెండో సగం, కారం. ఇవాళ కారం అంటే గుంటూరు మిరపకాయ తప్ప మరొకటి గుర్తు రావడం లేదు. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చేదాకా మిరపకాయ ఈ దేశంలోనే లేదు, అంతకు ముందు నుంచీ కారం ఉంది. అది సంస్కృత క్షారానికి మన నోట వచ్చిన రూపమని పెద్దల మాట. నాలుకను చురుక్కుమనిపించేది, మురికిని కోసేది, లోహాన్ని శుభ్రం చేసేది, అన్నీ కారాలే. దీపావళి మందులో వేసే సూరేకారంలోని కారం కూడా ఇదే, ముందున్న మాట మాత్రం పారసీకుల ‘షోరా’. పిల్లల్ని ముద్దు చేసే గారం వేరు, దాన్ని ఇందులోకి లాగకండి.

మాట సంగతి సరే, వస్తువు ఎక్కడ పుట్టింది? లదాఖ్‌లో పూగా అనే లోయ ఉంది. సముద్రమట్టానికి సుమారు 4,400 మీటర్ల ఎత్తు. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 85 డిగ్రీల చేరువలోనే మరిగిపోతాయి. అక్కడి వేడినీటి బుగ్గలు భూగర్భంలోంచి బోరాన్ అనే మూలకాన్ని కరిగించి పైకి తెస్తాయి. నీరు ఎండకూ గాలికీ ఆవిరై పోగా నేల మీద తెల్లగా మిగిలేది వెలిగారం. పక్కనే పచ్చగా గంధకం. టిబెట్ సరస్సుల ఒడ్డునా ఇలాగే దొరికేది. దాన్ని గొర్రెల వీపున చిన్న చిన్న సంచుల్లో వేసి కనుమలు దాటించి మన వైపు తెచ్చేవారు.

సంస్కృతంలో దీని పేరు టంకణం. ఇంగ్లిష్ వాళ్లు ముడి వెలిగారాన్ని ‘టింకాల్’ అన్నది కూడా ఈ మాట చుట్టూ తిరిగి వెళ్లినదే. ఇక్కడ నాకు ఒక ఊహ అంటే ఇష్టం. మహాభారతం సభాపర్వంలో ధర్మరాజుకు కానుకలు తెచ్చిన ఉత్తరాది జనాల్లో తంగణులు, పరతంగణులు ఉన్నారు. వాళ్లు తెచ్చింది పిపీలికం అనే బంగారం, చీమలు తవ్వి పోసినదట. హిమాలయాల అవతలి నుంచి బంగారం తెచ్చినవాళ్లే బంగారాన్ని అతికే వెలిగారాన్నీ తెచ్చి ఉంటారని, వాళ్ల పేరే సరుకుకు పడిందని కొందరంటారు. తకారం టకారం ఎందుకైందని అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. నమ్మమని అనను, వదిలేయమని కూడా అనను. మన వాడుకలో టంకణం కాస్తా ‘టంకం’ అయి, అతుకు పెట్టే లోహానికి పేరుగా స్థిరపడింది. వెలిగారం వెలిగారంగానే మిగిలింది.

ఇటలీలో టస్కనీ అనే చోట కథ ఇంకో దారి పట్టింది. లార్డెరెల్లో అనే ఊరి చుట్టుపక్కల నేలలోంచి ఆవిరి బుసలు కొడుతుంది. ఆ ఆవిరిలో బోరిక్ ఆమ్లం ఉంటుంది. కన్నాల అంచున తెల్లని పొలుసులుగా పేరుకునే ఆ ఖనిజాన్ని సస్సో అనే పల్లె పేరుతో సస్సొలైట్ అన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ఆమ్లం తీయడానికి ఒక పరిశ్రమే లేచింది. 1904లో అక్కడి ఆవిరితోనే అయిదు బల్బులు వెలిగించారు. భూమి వేడితో కరెంటు పుట్టడం లోకంలో అదే మొదలు. మీ పిల్లలకు బోరిక్ ఆమ్లం తెలియదనుకోకండి. క్యారమ్స్ బల్ల మీద చల్లే పౌడర్ అదే. మీరు వెలుగు అన్నందుకు ఆ అయిదు బల్బులను మీ వైపు సాక్ష్యంగా వాడుకోవచ్చు, నేను అభ్యంతరం చెప్పను.

మీ మూడో ప్రశ్నకు ఇందులోనే జవాబు ఉంది. రాయి లేనంత మాత్రాన మాట లేకుండా పోదు. డెల్టా అంతా గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు, నిజమే. కానీ కంసాలి ఊదుగొట్టం పట్టుకుంటే పక్కన చిన్న గిన్నెలో వెలిగారం ఉండి తీరాలి. కాలిన లోహం మీద పట్టే ఆక్సైడ్ పొరను అది కరిగించి తీసేస్తేనే అతుకు నిలుస్తుంది. సరుకు పచారీ కొట్టుకు వచ్చింది, పేరు వీధిలోకి వచ్చింది. పుస్తకాలు రాసేవాళ్లు కంసాలి వీధికి వెళ్లకపోతే మాట తప్పేమీ కాదు. ఇంట్లో మంచి మాట ఉండగా ‘బోరాన్ సంబంధిత ఖనిజ లవణం’ అని రాయడం ఏం చదువో నాకు అర్థం కాదు.

ఇలాంటిదే నవాసారం, అంటే అమ్మోనియం క్లోరైడ్. కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చి ‘కళాయి వేస్తాం, బిందెలకు మాట్లు వేస్తాం’ అని అరిచే రోజుల్లో దీని పేరు తెలియని ఇల్లాలు లేదు. ఇప్పటి పిల్లలకు నాటుసారా కేసుల వార్తల్లో తప్ప వినపడదు, పాపం ఎక్కడ నుంచి ఎక్కడికి దిగజారిందో. వేడెక్కిన ఇత్తడి పాత్రలో దీన్ని చల్లి దూదితో రుద్దితే తెల్లని పొగ లేచి లోహం శుభ్రమవుతుంది, ఆపైన తగరం అంటుకుంటుంది. ఈ పొగలోనే దాని పుట్టుక కూడా ఉంది. అమ్మోనియం క్లోరైడ్ వేడికి కరగదు, నేరుగా ఆవిరైపోతుంది. చల్లని చోటు తగలగానే మళ్లీ గట్టిపడుతుంది. వెసూవియస్ లాంటి అగ్నిపర్వతాల కన్నాల దగ్గరా, భూమిలో బొగ్గు పొరలు అంటుకుని ఏళ్ల తరబడి కాలే మధ్య ఆసియా కొండల్లోనూ జరిగేది ఇదే. ఆ కొండల ఆవిరి మీద గది కట్టి, గోడలకు పట్టిన నవాసారాన్ని తడి కంబళ్లు కప్పుకుని లోపలికి ఉరికి గీకి తెచ్చేవారని పాత అరబ్బు భూగోళకారులు రాశారు. పారసీకంలో దాని పేరు నౌషాదర్. ‘చావులేని నిప్పు’ అని దానికి ఒక వ్యుత్పత్తి చెబుతారు. కొండ లోపల ఆరని మంటను చూసినవాళ్లకు ఆ పేరు తోచడంలో వింత లేదు. మన సంస్కృత పండితులు ఆ పరాయి మాటకు పట్టుబట్ట కట్టి నవసాదరం, నవసాగరం, నరసారం అన్నారు. దాన్ని పట్టుకుని తొమ్మిది సముద్రాల సారం అని అర్థం చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సముద్రాలు ఏడే కదా నాయనా అంటే కోపం వస్తుంది. నవాసారం అని రాయండి, నవసాగరం అన్నా నేను దిద్దను.

మిగతావి క్లుప్తంగా. గంధకం అంటే వాసన గలది. ఆ కుళ్లిన గుడ్డు వాసన నిజానికి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది, అది గాలి తగిలి గంధకంగా మారి పచ్చని సూదుల్లా అంచున నిలుస్తుంది. ఇవాళ కొట్లో దొరికే గంధకంలో చాలా భాగం అగ్నిపర్వతానిది కాదు, చమురు శుద్ధిలో మిగిలినది. పటిక స్ఫటికానికి వికృతి. వరద రోజుల్లో ఎర్రనీళ్ల బిందెలో తిప్పేదీ, పిల్లలకు పెట్టే పటికబెల్లంలో ఉన్నదీ ఒకే మాట, ఒకే వస్తువు కాదు. హరిదళం (ఆర్పిమెంట్), మణిశిల (రియల్గర్), ఇంగిలీకం (సినబార్) కూడా వేడినీటి దారుల్లో పుట్టేవే, మొదటి రెండింటిలో పాషాణం, అంటే ఆర్సెనిక్ ఉంది కాబట్టి పిల్లలకు పేరు చెప్పి ఊరుకోండి.

బుగ్గల చుట్టూ సున్నంగానో ఇసుకరాయిలాగానో గట్టిపడే పొరకు మీరు ‘ఉష్ణజల నిక్షేపం’ అని రాశారు. తప్పు కాదు. కానీ ‘గార’ అనే మాట ఉండగా అంత బరువెందుకు? పళ్లకు పట్టేది గార. ఉప్పుబోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టేదీ గారే. నేల కింద ఒత్తిడిలో ఉన్న వేడినీరు పైకి వచ్చి, అందులోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతే సున్నం విడిపోతుంది, చల్లబడితే సిలికా విడిపోతుంది. బుగ్గ దగ్గర సున్నపు గార, గీజర్ దగ్గర సిలికా గార అంటే ఎవరికి అర్థం కాదు? గీజర్ అంటే స్నానాలగది గోడకు ఉండేది అనుకుంటారేమో, ఒక వాక్యం కలపండి. అది ఐస్లాండ్‌లో ఎగజిమ్మే ఒక బుగ్గ పేరు. ఖనిజాల మాట వచ్చింది కాబట్టి ఒకటి అనకుండా ఉండలేను. మన ఊళ్లలో ఇరవై లీటర్ల టిన్నుల్లో అమ్మేదాన్ని అందరూ ‘మినరల్ వాటర్’ అంటున్నారు. ఆ ప్లాంటు చేసే పని నీళ్లలోంచి మినరల్స్ తీసేయడం!

ధూమరంధ్రం సంగతి. ధూమం పొగ, వస్తున్నది ఆవిరి. అందుకే నాకు నచ్చదు. కానీ ఇటలీవాళ్లు ఫ్యూమరోల్ అన్న మాటలో కూడా లాటిన్ పొగే ఉంది, కాబట్టి ఆ తప్పు మీకు మంచి తోడుతోనే వచ్చింది. బుగ్గ అనాలంటే నీరు ఉండాలి. గుండం అనాలంటే గుంట ఉండాలి, హోమగుండమైనా నిప్పుల గుండమైనా గుంటే. బిలం అగ్నిపర్వతం నోటికి అలవాటైపోయింది. చేనుగట్టు మీద పీతకన్నం అనే మీ కోనసీమలో ‘ఆవిరి కన్నం’ అంటే పిల్లలు చప్పున పట్టుకుంటారని నా ఉద్దేశం. ఫ్యూమరోల్ అనే రాస్తానన్నా సరే. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి తగలబడినప్పుడు ‘బ్లోఅవుట్’ అనడానికి కోనసీమలో ఎవరూ నిఘంటువు అడగలేదు.

ఉదాహరణలకు దూరం పోనవసరం లేదు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున వేడినీటి ఊట ఉంది. ఊరి పేరు గుండం నుంచే వచ్చిందని మాత్రం రాయకండి, గుండు అంటే బండరాయి మీదా మనకు ఊళ్లున్నాయి. మణుగూరు వైపు పగిడేరులో బోరులోంచి వచ్చే వేడినీటితో 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రం పెట్టారు. ఇవి అగ్నిపర్వతపు వేడి కాదు, లోతుకు ఇంకిన నీరు అక్కడి వేడి పట్టుకుని పగుళ్ల గుండా పైకి రావడం. డెల్టా అంచున గౌరీపట్నం క్వారీల నల్లరాయి మాత్రం దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా. మీ ఊరి రోడ్డు మీద పరిచిన కంకర అక్కడిదే కావచ్చు, పిల్లల చేత ఒక ముక్క ఏరించి చూపించండి.

పరీక్షలో మాత్రం వెలిగారం అన్నవాడికీ బోరాక్స్ అన్నవాడికీ సమానంగా మార్కులు వేయండి. ‘వెలుగారం’ అని రాస్తే అర మార్కు తగ్గించవచ్చు, మీరే నేర్పారు కాబట్టి ఈ ఒక్క ఏడాదికి వదిలేయండి.