నీళ్ళు జారితే చాలదమ్మా, నూనె చుక్క వేసి చూడు

మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీళ్ళూ నూనే అంటని గుడ్డ తయారుచేస్తున్నానంటూ నువ్వు పంపిన వీడియో చూశాను. కాటన్ గుడ్డ మీద నీటిబొట్టు భలే దొర్లుతోంది. అయితే అప్పుడే మురిసిపోకు. తామరాకుకు నీరంటదని అంటాం కదా, ఆ ఆకు మీదే వంటనూనె చుక్క వేసి చూడు, చక్కగా పరుచుకుంటుంది. నీ గుడ్డ కూడా ఇప్పటికి అంతే.

నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. నూనెలకు 30 అటూ ఇటూ. అది తగ్గేకొద్దీ చుక్క తేలిగ్గా పరుచుకుంటుంది. అందుకే హైడ్రోకార్బన్ తోక ఉన్న సైలేన్ (గుడ్డకు అతుక్కునే సిలికాన్ రసాయనం) నీటిని ఆపుతుంది గానీ నూనె దగ్గర చేతులెత్తేస్తుంది. నూనెకు ఫ్లోరిన్ ఉన్న సైలేన్ కావాలి, దాంతోపాటు గరుకుదనమూ కావాలి. పోగుల మీద సిలికా నానోరేణువులు అతుక్కుంటే వాటి గుండ్రటి ఒంపుల కింద గాలి చిక్కుకుంటుంది, చుక్క ఆ గాలి మీద నిలబడుతుంది.

రేణువులకు 1968 నాటి స్టోబర్ పద్ధతే హాయి: ఆల్కహాల్, టెట్రాఇథాక్సీసైలేన్, కాస్త నీళ్ళు, అమ్మోనియా. ఎక్కువ పట్టించాలని ఆశపడకు. గుడ్డ అట్టలా బిరుసెక్కుతుంది. నల్లగుడ్డతో రుద్ది చూడు, తెల్లపొడి అంటితే రేణువులు సరిగ్గా పట్టలేదన్నమాట.

అన్నిటికన్నా ముందు గుడ్డకున్న గంజి, మైనం వదిలించు. మొదట్లో నేను ఆ పని ఎగ్గొట్టి, మూడు వారాలు రేణువుల సైజును అనుమానిస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే కోటింగ్ పట్టింది గంజికి, పత్తికి కాదు! ఒక్క ఉతుకుతో రెండూ కలిసి కాలువలో పోయాయి. గంజిని ఎంజైముతో తీసి, బట్టలసోడా కలిపిన నీళ్ళలో ఉడికించి, బాగా జాడించి ఆరబెట్టు. అప్పుడే సైలేన్ అతుక్కోవడానికి పత్తి సెల్యులోజ్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలు నేరుగా దొరుకుతాయి. కోటింగ్ ద్రావణంలో ముంచి పిండాక ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర క్యూర్ చెయ్యి, అంటే కోటింగ్ గట్టిపడేలా వేడిచెయ్యి. ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్, గ్లవ్స్ సంగతి నీకు చెప్పక్కర్లేదనుకుంటా. అయినా చెబుతున్నాను.

ఫ్లోరిన్ విషయంలో మాత్రం నాకు బెంగే. పీఎఫ్ఓఏ అనే ఫ్లోరిన్ రసాయనాన్ని, దాని సంబంధిత రసాయనాలను 2019లో, తేలిగ్గా విచ్ఛిన్నం కాని విషరసాయనాలను అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందంలో నిర్మూలించాల్సిన వాటి జాబితాలో చేర్చారు. గొడుగు గుడ్డకో, వానకోటుకో అయితే నూనె పరీక్ష మాటే వదిలెయ్, ఫ్లోరిన్ లేకుండా చెయ్యి. మెకానిక్ వేసుకునే గుడ్డకైతే తప్పకపోవచ్చు. ఆ ఫ్లోరిన్ సీసా తెరిచేముందు ఏ గుడ్డ చేస్తున్నావో తేల్చుకో.

నూనె చుక్క వేశాక 30 సెకన్లు ఆగి చూడు, వెంటనే ఫొటో తీసి సంబరపడకు. ఈసారి వీడియో మాత్రం గుడ్డను అయిదుసార్లు ఉతికాకే పంపు.

మామయ్య